అద్దంలో సైకిలాయన

ఆ రోజు చిన్నోడి నోట్లో ఒక మాట ఉంది. పొద్దున సెలూన్ తలుపు తీసినప్పటి నుంచీ ఉంది. కక్కలేడు, మింగలేడు. గొంతులో వెలక్కాయ పడ్డట్టు తిరుగుతున్నాడు.

పేరుకి చిన్నోడే గానీ నలభై దాటిన మనిషి. సెలూన్ అన్నదమ్ములిద్దరిదీ. ఒక కుర్చీ, ఒక పొడుగాటి అద్దం, కూర్చోడానికి ఒక బల్ల, గుమ్మం పైన టీవీ. కత్తెర చిన్నోడిది. అన్నయ్యకి చేతులు వణకడం మొదలయ్యాక కత్తెరా కత్తీ తమ్ముడి చేతిలో పెట్టేసి తను నురుగు గిన్నె అందుకున్నాడు. గడ్డాలకి నురుగు పెడతాడు, తలలు కడుగుతాడు, రాలిన జుట్టు ఊడుస్తాడు. జనం వచ్చేది మాత్రం చిన్నోడి చెయ్యి కోసం. అది అందరికీ తెలుసు. చిన్నోడికి మరీ బాగా తెలుసు.

పెద్ద రోడ్డు మీద అద్దాల సెలూన్ ఒకటి లేచింది. దాని ఆసామి చిన్నోణ్ణి రమ్మన్నాడు. చల్లటి గది, పైకీ కిందకీ ఆడే కుర్చీలు. "మరి మా అన్నయ్యో?" అని చిన్నోడు అడిగితే ఆసామి నవ్వాడు. "నురుగు ఇప్పుడు డబ్బాలో వస్తోందయ్యా. నొక్కితే చాలు."

ఈ సాయంత్రం జవాబు కోసం వస్తానన్నాడు. చిన్నోడు లోలోపల ఒప్పేసుకున్నాడు. నిన్ననే తన మంచి కత్తెర్లు సంచిలో వేసి మూలన పెట్టుకున్నాడు. పని నడవడానికి పాత జత ఒకటి బయట ఉంచాడు. ఇక అన్నయ్యకి చెప్పడమే మిగిలింది. చెబితే ఈ సెలూన్ మూతపడుతుంది. వణికే చేతికి తల ఎవడప్పగిస్తాడు?

మధ్యాహ్నం బస్సు డ్రైవరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద పోస్టు తాత ఉన్నాడు. ఉద్యోగం అయిపోయి చాలా కాలమైనా ఆయన్ని పోస్టు తాత అనే అంటారు. ఆయన గడ్డానికి అన్నయ్య నురుగు పెడుతున్నాడు. పక్క కిరాణా కొట్టు పిన్ని గుమ్మంలో నిలబడింది. ఆవిడ సీరియల్ వేళయింది. ఇంట్లో టీవీ పాడైన దగ్గర్నుంచీ ఆవిడ సీరియల్ ఇక్కడే.

ఆ సెలూన్‌లో ఒక కట్టుబాటు ఉంది. కుర్చీలో ఎవరుంటే రిమోటు వాళ్ళది. టీవీ కుర్చీకి వెనకుంటుంది, కాబట్టి కూర్చున్నవాడు అద్దంలోనే చూడాలి. మెడ తిప్పితే చెవి తెగుతుంది.

"ఏమయ్యా, ఇవాళ ఆ కోడలు నిజం చెప్పేస్తుంది. నా చానల్ పెట్టు," అంది పిన్ని.

"కుర్చీలో ఉన్నది నేను పిన్నీ."

"కూర్చోవడం తప్ప నీకు వేరే పనేముంది? బస్సులోనూ అంతేగా!"

డ్రైవరు ఒంటి మీద గుడ్డ కప్పి ఉంది. రిమోటు ఆ గుడ్డ కిందే ఉంది. పిన్ని మీద ఉడుకుమోత్తనంతో చూడకుండానే ఏవో నాలుగు బొత్తాలు నొక్కాడు. టీవీ ఎటెటో తిరిగి ఒక కొండ దగ్గర ఆగింది. మళ్ళీ నొక్కితే కదల్లేదు. రిమోటులో బ్యాటరీలు ఆ క్షణాన్నే కన్నుమూశాయి.

"నాశనం చేశావు," అంది పిన్ని. అయినా కదల్లేదు.

కొండ మీద రోడ్డు విప్పి పారేసిన తలపాగాలా మెలికలు తిరిగి ఉంది. ఆ రోడ్డున ఒక బక్కపలచటి మనిషి సైకిలు తొక్కుతున్నాడు. కింద ఏవో అక్షరాలు. అద్దంలో తిరగబడి ఉన్నాయి గనక డ్రైవరుకి కొరుకుడు పడలేదు.

"ఎవరు తాతా ఆయన?"

"సైకిలు పందేల మనిషట. అదే ఉద్యోగమట."

"సైకిలు తొక్కడం ఉద్యోగమేంటి, చోద్యం కాకపోతే!"

"మరి నేను చేసిందేంటిరా? సంచి భుజాన వేసుకుని నేను తొక్కినంత వీడు తొక్కాడా?" అని తాత నురుగు లోంచే మీసం మెలేశాడు.

ఇంతలో టీవీలో బొమ్మ పైకి లేచింది, గద్ద చూసినట్టు. ఆ రోడ్డు మేఘంలోకి పోయింది. మేఘం దాటి అవతల మళ్ళీ పైకే పోయింది. అంచుల్లో మంచు. ఆ మనిషి పిక్కల మీద నరాలు తాళ్ళలా పేనుకుని ఉన్నాయి. తాత చెయ్యి మీసం మీద అలాగే ఆగిపోయింది.

"మనవల్ల కాదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

చిత్రమేమిటంటే, టీవీలో చెప్పేదాన్ని బట్టి ఆ సైకిలాయన జన్మలో ఒక్క పందెం గెలవలేదట. అలాంటివాడి నిజం కథని సినిమాగా ఎందుకు తీశారో చిన్నోడికి బోధపడలేదు. చూస్తుండగానే ఆయన గుంపు లోంచి జారి వెనక్కి వచ్చేశాడు.

"అయ్యో పాపం, వెనకబడిపోయాడు," అంది పిన్ని.

వెనకబడలేదు. వెనకొస్తున్న కారు కిటికీ లోంచి నీళ్ళ సీసాలు అందుకున్నాడు. వీపు జేబుల్లో కుక్కుకున్నాడు. చాలక చొక్కాలో ముందుకి కూడా దోపుకున్నాడు. నెలలు నిండిన మనిషిలా ఆ బరువంతా మోసుకుంటూ మళ్ళీ గుంపుని దాటి ముందుకి ఎక్కాడు. తన జట్టువాళ్ళకి ఒక్కొక్కరికీ సీసా అందించాడు. తనకి మిగిలిందో లేదో చూపించలేదు.

"నీళ్ళు మొయ్యడానికా ఇంత పెద్ద కొండ!" అన్నాడు డ్రైవరు. వెటకారం గొంతులోకి రాలేదు.

ఆ జట్టులో నాయకుడు ఒకడున్నాడు. గెలవాల్సింది అతను. సైకిలాయన అతని ముందుండి గాలికి ఎదురెళ్తాడు. గాలంతా ఆయన మొహానికి కొడుతుంది. వెనకున్న నాయకుడు ఆ చాటున బలం దాచుకుంటాడు.

"నిజమే," అన్నాడు డ్రైవరు. "పెద్ద లారీ వెనక పోతుంటే బండి తేలిపోతుంది. ఆ లారీవాడి సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు."

ఒక చోట నాయకుడి చక్రం పంక్చరయింది. సైకిలాయన దిగాడు, తన చక్రం ఊడదీసి ఇచ్చేశాడు. నాయకుడు వెనక్కి చూడకుండా పోయాడు. వాన మొదలైంది. సైకిలాయన గాలి పోయిన చక్రం చేత్తో పట్టుకుని రోడ్డు పక్కన ఒక్కడే నిలబడ్డాడు. అందరూ ఆయన్ని దాటి పోతున్నారు.

సెలూన్‌లో పిన్ని ముక్కున వేసుకున్న వేలు తియ్యడం మరిచిపోయింది. అన్నయ్య పోస్టు తాత బుగ్గకి నురుగు పెట్టిందే పెడుతున్నాడు, రెండో బుగ్గ పొడిగానే ఉంది.

ఇంకో రోజు పందెంలో చివరి కొండ వచ్చింది. ఇద్దరే ముందున్నారు, సైకిలాయనా ఆయన వెనక నాయకుడూ. ఆయన నోరు తెరుచుకుని ఉంది, కళ్ళలో చూపు లేదు. అయినా కాళ్ళు ఆడుతున్నాయి. రోడ్డుకి రెండు పక్కలా జనం కేకలు. శిఖరం కనిపిస్తోంది. ఇప్పుడైనా ఆయనే ముందు దాటేస్తాడని పిన్ని చేతులు జోడించింది. సరిగ్గా అప్పుడు ఆయన పక్కకి తప్పుకున్నాడు. దారి ఇచ్చాడు. నాయకుడు బాణంలా దూసుకుపోయాడు. సైకిలాయన సైకిలు ఇంచుమించు ఆగిపోయింది.

చిన్నోడు అద్దంలోకి కన్నార్పకుండా చూస్తున్నాడు. చేతిలో కత్తెర మాత్రం దాని మానాన అది నడుస్తోంది.

ఆయన కొండెక్కేసరికి పూలదండలు అయిపోయాయి. తాళ్ళు విప్పేస్తున్నారు. ఆ తర్వాతెప్పుడో ఒకరు ఆయన్ని అడిగారు, ఆ రోజు మీకు బాధ అనిపించలేదా అని. ఆయన చెప్పాడు.

"మావాడు గెలిచాడా అని అడిగాను. గెలిచాడన్నారు. స్నానానికి వెళ్ళాను."

అంతే. సినిమా అయిపోయింది. సబ్బు ప్రకటన మొదలైంది.

పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "కోడలు నిజం రేపు చెబుతుందిలే," అంది.

అప్పుడు డ్రైవరు అద్దంలో తన్ను తాను చూసుకున్నాడు.

"ఒరే చిన్నోడా! నా జుట్టేదిరా?"

కుడి చెవి పైన అరచేతి మేర బోడిగా ఉంది. చిన్నోడు కత్తెర దించాడు. ఇన్నేళ్ళలో ఇలాంటిది జరగలేదు. నోరు తెరిచేలోపే వెనక నుంచి అన్నయ్య గొంతు వినిపించింది.

"నాదే తప్పు బాబూ. నేనే వాడి మోచేతికి తగిలాను. నన్ను తిట్టు."

"అద్దంలో అంతా కనిపిస్తూనే ఉంది పెద్దాయనా! నువ్వు ఆ చివర, వీడు ఈ చివర. ఎలా తగిలావు, గాల్లోనా?"

"ముసలి చెయ్యి. ఎక్కడ తగిలిందో నాకేం తెలుసు," అని అన్నయ్య నురుగు బ్రష్షుతోనే నడిచొచ్చి తమ్ముడికీ కుర్చీకీ మధ్య నిలబడ్డాడు.

డ్రైవరుకి నవ్వొచ్చింది. చిన్నోడికి రాలేదు. అన్నయ్య అలా మధ్యలో నిలబడటం ఇది మొదటిసారి కాదని వాడికి తెలిసింది. పని నేర్చుకునే రోజుల్లో ఒకడి చెవి గీరితే "కత్తికి పదును నేనే ఎక్కువ పెట్టాను" అన్నాడు. ఆలస్యమైందని ఎవరన్నా అరిస్తే "నేనే లేటుగా తెరిచాను" అంటాడు. తిట్లన్నీ ఆయన మొహానికే. చిన్నోడి చెవిదాకా మెచ్చుకోళ్ళే వచ్చేవి. అదంతా తన చేతి గొప్పే అనుకున్నాడు.

"సర్దెయ్యరా," అన్నాడు డ్రైవరు. "పొట్టిగా కొట్టెయ్. మా ఆవిడ అడిగితే ఫ్యాషనంటా."

సర్దాలంటే సన్నపళ్ళ కత్తెర కావాలి. అది సంచిలో ఉంది. చిన్నోడు మూలకి వెళ్ళి సంచి తెరిచాడు. నిన్న కత్తెర్లు ఊరికే పడేసినట్టు వాడికి బాగా గుర్తు. ఇప్పుడు ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. గుడ్డకి నూనె వాసన. పైన అన్నయ్య వేసే ముడి, వణికే చేతికి నాలుగైదుసార్లు తప్పి కుదిరిన ముడి.

చిన్నోడు సంచి ముందు గొంతుక్కూచుని ఆ ముడి మీద వేలు ఆనించాడు.

అన్నయ్య వెనకే వచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు. "అక్కడ నూనె రాసేవాడుంటాడో లేడో అని..."

"నీకెవరు చెప్పారన్నయ్యా?"

"పిన్ని కొట్టుకి రాని మాట ఊళ్ళో ఉంటుందా?"

"నాతో అనలేదే!"

"నువ్వే చెబుతావని చూస్తున్నా. వెళ్ళరా. చివర్లో ముందున్నవాడు పక్కకి తప్పుకోవాలి. చూశావుగా."

చిన్నోడు ముక్కు ఎగబీల్చాడు. "అది కొండ మీద మాట. మన సెలూన్ చదును నేల మీదుంది. ఇక్కడ కొండెక్కడుంది తప్పుకోడానికి?"

అన్నయ్య బ్రష్షుకున్న నురుగు విదిలించాడు. ఆయనకి వాదించడం రాదు.

చిన్నోడు లేచి డ్రైవరు తల సర్దాడు. డ్రైవరు నిజంగానే బాగున్నాడు. కుర్చీ ఖాళీ అయింది. పోస్టు తాత నురుగు ఎండి పిండి జల్లినట్టుంది. "ఇక నా వంతేగా," అని లేవబోయాడు.

"కాసేపు ఆగు తాతా. ముందు అన్నయ్య."

"నేనా? నేనెందుకురా!" అన్నాడు అన్నయ్య. ఆ కుర్చీలో ఎందరినో కూర్చోబెట్టిన మనిషి, తను ఎన్నడూ కూర్చోలేదు. వెనకాల చిన్న అద్దంలో తన గడ్డం తనే గీసుకుంటాడు. అందుకే ఆయన దవడ మీద ఎప్పుడూ ఏదో ఒక గాటుంటుంది. దాన్ని కూడా చిన్నోడు ఇవాళే చూశాడు.

"కూర్చోవయ్యా," అన్నాడు తాత. "ఇన్నాళ్ళూ ఆగాను, ఇంకాస్త ఆగలేనా?"

భుజాలు పట్టి కూర్చోబెట్టి గుడ్డ కప్పాడు చిన్నోడు. సాయంత్రం అవుతోంది, సరిగ్గా అప్పుడే అద్దాల సెలూన్ ఆసామి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో బండి తాళం తిప్పుతున్నాడు.

"ఏమయ్యా, తేల్చేశావా?"

"తేల్చానండీ. నేను రాను."

"రావా? ఎందుకు రావు?"

చిన్నోడు అద్దంలో అన్నయ్య మొహం వంక చూశాడు. "మీ దగ్గర నురుగు డబ్బాలో వస్తుందన్నారుగా," అన్నాడు. "నాకది పడదండీ."

ఆసామికి ఏమీ అర్థం కాలేదు. పిన్ని వైపు చూశాడు. "నిలబడతారేం, కూర్చోండి," అంది పిన్ని. "గడ్డం పెరిగిందిగా. తాత తర్వాత మీ వంతు." ఆసామి తాళం జేబులో వేసుకుని చక్కా పోయాడు.

చిన్నోడు నురుగు గిన్నె తీసుకున్నాడు. ఆ గిన్నె పట్టుకుని ఎన్నేళ్ళయిందో. సబ్బు వేశాడు, నీళ్ళు పోశాడు, బ్రష్షుతో తిప్పాడు. అన్నయ్య బుగ్గ మీద పెడితే గడ్డం దాకా కారి మెడలోకి పోయింది.

అన్నయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"నీళ్ళు ఎక్కువయ్యాయిరా," అన్నాడు.

చిన్నోడు గిన్నె కడిగి మళ్ళీ కలిపాడు.