జపాను పాటకు గోవింద

నరసింహులుకు జపాను భాషలో ఒక్క ముక్క అర్థం కాదు. అయినా పన్నెండు జపాను పాటలు చరణాలతో సహా నోటికి వచ్చు. గల్ఫులో సల్వా అనే పేటలో ఒక జపాను ఇంజనీరుకు మూడేళ్లు వ్యాను తోలాడు మరి. ఆ మహానుభావుడి దగ్గర ఉన్నది ఒకటే క్యాసెట్టు. పాతకాలం అమెరికా రాకెన్‌రోల్ పాటలకు జపాను వాళ్లు తమ మాటలు పెట్టుకుని పాడిన క్యాసెట్టు. దేశాన్ని ఆక్రమించిన ఇరాకీ సైన్యం తనను బందీగా బాగ్దాదుకు పట్టుకుపోతున్న రోజున కూడా ఆయన, "క్యాసెట్టు జాగ్రత్త" అనే చెప్పి వెళ్లాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ ఉదయం నరసింహులు అదే ఇంటి వంటమనిషి చిన్నక్కనూ, అర్దియా పేటలో పనిచేసే తన ఊరివాళ్లు ఐదుగురినీ వ్యానులో ఎక్కించుకుని, ఆ క్యాసెట్టు పెట్టుకుని బయల్దేరాడు. మధ్యాహ్నంలోగా బస్సుల దగ్గరికి చేరకపోతే, దేశం దాటించే జోర్డాన్ బస్సులో చోటు దక్కదు.

"ఆ పాట ఆపు నాయనా, తలకాయ నొస్తాంది," అంది చిన్నక్క.

ఆపేలోపే చెక్‌పోస్టు వచ్చింది. ఇరాకీ సైనికుడు కిటికీలో తల పెట్టి విని, ముఖం ముడుచుకున్నాడు.

"అమ్రీకీ?"

బాణీ నిజంగా అమెరికాదే. ఆ రోజుల్లో వాళ్ల ముందు ఆ పేరు ఒప్పుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే.

"లా, లా. యబానీ," కాదు కాదు, జపానుదని మొత్తుకున్నాడు నరసింహులు. సైనికుడు నమ్మలేదు. అందరినీ కిందికి దింపి, అంత తెలిస్తే పాడి చూపించమన్నాడు.

ఊళ్లో నరసింహులు చెక్కభజన గురువు. ఆ ఐదుగురూ అతని శిష్యులే. గురువు ఒకసారి అన్నది రెండుసార్లు అనకపోతే వాళ్లకు నిద్ర పట్టదు. అతను ఎత్తుకోగానే వెనక ఐదు గొంతులు అందుకున్నాయి. చెక్కలు లేకపోతే చేతులున్నాయి. కాళ్లు వాటంతటవే అడుగులు వేశాయి. రోడ్డు పక్క ఇసుకలో గుండ్రంగా తిరిగి తిరిగి, చివర అలవాటు కొద్దీ "గోవిందా, గోవింద" అనేశారు. నరసింహులు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇదీ యబానీయేనా?" అన్నాడు సైనికుడు.

"యబానీ," అంది చిన్నక్క, తొణక్కుండా.

సైనికుడు పెదవి బిగబట్టి చూశాడు గానీ నవ్వు ఆగలేదు. ఇంకోసారి పాడించుకుని "యల్లా" అని పొమ్మన్నాడు. పంపేముందు క్యాసెట్టు మాత్రం ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

వ్యాను కదిలింది. బస్సు అందుతుందని తెలిసినా నరసింహులుకు ఏడుపొచ్చింది.

"సారు ఒకే మాట చెప్పిపాయ అక్కా. అదీ నిలబెట్టుకోలేకపోతి."

చిన్నక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పాటలన్నీ నీ నోట్లో ఉండాయి గదా. ఆయప్ప బతికి బయటపడినాక పాడి అప్పజెప్పుదాం." మళ్లీ అంది. "ఆ గోవింద మాత్రం తీసెయ్యల్ల. ఊఁ, మొదటినించీ ఎత్తుకో, నేనూ నేర్చుకుంటా."