గుమ్మం మీద మరక

జీవితమంతా గోడల మీద మరకలు పోగొట్టి బతికిన మనిషికి, మరకలు పెట్టడం నేర్చుకునే కోడలు దొరికింది. ఎవరి రాత ఎవరు తప్పించగలరు!

మామగారు నలభై ఏళ్లు ఇళ్లకి రంగులేసి, మోకాళ్లు మొరాయించాక నిచ్చెన దిగాడు. కోడలు వీడియో గేముల్లో కనిపించే గోడలకీ తలుపులకీ పైపూత చేయడం నేర్చుకుంటోంది. చేత్తో గీసేది కాదట. పెచ్చు ఎక్కడ లేవాలో, తుప్పు ఎంత పట్టాలో కంప్యూటరుకి నియమాలు చెబితే అదే వేసుకుంటుంది. ఒక్క అంకె మారిస్తే చాలు, మరకలన్నీ ఇంకోరకంగా పడతాయి. ఈ ముక్క తలకెక్కడానికి మామగారికి వారం పట్టింది. ఎక్కాక మాత్రం కోడలి పక్కన కుర్చీ వేసుకుని కదిలితే ఒట్టు.

ఆమె పాత ఉద్యోగం పోయి ఏడాదైంది. ఒక గేముల కంపెనీ పరీక్ష పెట్టింది: మనుషులు కాపురమున్న ఇంటి గుమ్మం ఒకటి చేసి పంపాలి. రెండుసార్లు పంపితే రెండుసార్లూ తిరగ్గొట్టారు. "పాతబడినట్టుంది, వాడినట్టు లేదు" అన్నారు. శుక్రవారం సాయంత్రం ఆఖరి గడువు. ఆ పొద్దున ఆమె స్క్రీన్ మామగారి వైపు తిప్పింది.

"ఎలా ఉంది మావయ్యా?"

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. "ఈ ఇంట్లో ఎవరూ లేరమ్మాయ్."

"ఎందుకు లేరు? ఎంత మురికి పెట్టానో చూడండి!"

"మురికిదేముంది, వానకీ పడుతుంది. పై మూలా కింది మూలా ఒకటే మురికి. అంత పైకి ఎవరి చెయ్యి అందుతుంది, నాలాగా నిచ్చెనేసుకుంటే తప్ప? ఇలా రా."

వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లాడు. ఓపికున్న రోజుల్లో రెండేళ్లకోసారి ఇల్లంతా రంగేసిన మనిషి, ఆ ద్వారబంధం జోలికి మాత్రం పోయేవాడు కాదు. బద్ధకమనుకునేది కోడలు. దాని మీద, ఛాతీ ఎత్తున, నల్లటి మరక.

"మీ అత్తది. గడప దాటినప్పుడల్లా మోకాలి నొప్పికి ఎడమ చెయ్యి ఇక్కడ ఆనించేది. నూనె చెయ్యో, పిండి చెయ్యో. ముప్పై ఏళ్ల పని. నా బ్రష్షుకి రమ్మన్నా రాదు."

కోడలు దగ్గరికి జరిగి చూసింది. ఆ మరక సగమే ఉంది. తను రాకముందే పోయిన అత్తగారి ఇంటికి కాపురానికొచ్చిన మొదటి వారం, మంచి పేరు కొట్టేద్దామని సబ్బునీళ్లతో దాన్ని తోమింది తనే. అప్పుడీయన ఇక్కడే నిలబడి, "చాల్లేమ్మా, చేతులు నొప్పిపుడతాయి" అన్నాడు. నాలుగేళ్లలో ఇంకో మాట లేదు.

"ఒక్క మాట చెప్పొచ్చుగా మావయ్యా!" ఏడుపు ఆగలేదు ఆమెకి.

"చెప్తే ఈ గుమ్మం ముట్టుకునేదానివా? ఏడుపాపి ఇటు చూడు."

పాత మరకకి నాలుగు వేళ్ల పైన, ఇంకా లేతగా మరొకటి. కోడలు చెయ్యి పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.

"పొద్దున్నే నిద్రకళ్లతో వస్తూ ఇక్కడే చెయ్యేస్తావు. నీకు తెలీదు, నేను చూస్తూనే ఉన్నా. మీ అత్త కంటే నాలుగు వేళ్లు పొడుగు నువ్వు."

ఆమె ముక్కు తుడుచుకుని వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. ఉన్న నియమాలన్నిటి పైన ఇంకొకటి చేర్చింది: చెయ్యి ఆనే ఎత్తు. ఆ ఎత్తులో రెండు మరకలు. అంకె మార్చింది. చెక్క మారింది, పెచ్చులు మారాయి, ఆ రెండూ కదల్లేదు.

"ఇంకోసారి మార్చు" అన్నాడు మామగారు. పదిసార్లు మార్పించాడు. పదిసార్లూ అవి అక్కడే ఉన్నాయి. ఆయన కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

సోమవారం ఫోనొచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది, మామగారు చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

"అంతా బాగుంది కానీ ఒక్క అనుమానం" అంది అవతలావిడ. "ఒకే గుమ్మానికి కిందొకటి, పైనొకటి, రెండు చేతి మరకలు. ఎవరివండీ?"

కోడలు ద్వారబంధం మీదున్న తన చేతిని చూసుకుంది.

"అత్తాకోడళ్లవండీ" అంది.