దేవుడు లేని ఇంటి తాయెత్తు

నేను ఒక బిళ్ళను. సంతలో చెల్లే బిళ్ళను కాను, చొక్కాకు గుచ్చుకునే బిళ్ళను. ముందువైపు అయిదు మొనల ఎర్ర చుక్క, దాని నడుమ సుత్తీ కొడవలీ. వెనకవైపు పిన్నీసు. ముందువైపు చూసి కొందరు పిడికిలి ఎత్తారు, కొందరు ఉమ్మేశారు. వెనకవైపు గుచ్చుకున్నప్పుడు మాత్రం అందరూ ఒకేలా "అబ్బా" అన్నారు.

రష్యాలో నెవా నది ఒడ్డున ఒక కార్ఖానాలో పుట్టాను. ఇత్తడి రేకును అచ్చుకింద పెట్టి ఒక్క దెబ్బ కొట్టారు. గుంటల్లో ఎర్ర గాజుపొడి నింపి కొలిమిలో కాల్చారు. ఆ పని చేసిన అమ్మాయి చలికి చేతులు రుద్దుకుంటూ నన్ను తట్టలోకి తోసేసి భోజనానికి వెళ్ళిపోయింది. తాను చేస్తున్నది విప్లవమని ఆమెకు తోచినట్టు లేదు.

బెజవాడ సభకు వచ్చిన రష్యా అతిథి ఒకాయన నన్ను పరంధామయ్య చొక్కాకు గుచ్చాడు. గుడివాడ రైసుమిల్లు కూలీల సంఘానికి ఆయన నాయకుడు. ఆయన ఇంట్లో దేవుడి పటం లేదు, వర్జ్యాలు చూడడం లేదు. కానీ ఎమర్జెన్సీలో ఒక తెల్లవారుజామున పోలీసులు ఆయన్ను జీపెక్కిస్తుంటే, భార్య అనసూయమ్మ పరుగున వచ్చి నన్ను ఆయన చొక్కా లోపలివైపు గుచ్చింది. ఆయన తిరిగొచ్చాడు. ఆ రోజునుంచి ఊరు దాటే ప్రతివాళ్ళకూ నన్ను గుచ్చి పంపడం ఆ ఇంటి ఆనవాయితీ అయింది. కూతురు పురిటికి వెళ్ళినా, అల్లుడు లారీ వేసుకుని నాగపూరు వెళ్ళినా నేను తోడు. "ఇదీ తాయెత్తే కదే" అని పరంధామయ్య నవ్వేవాడు, నవ్వుతూనే గుచ్చుకునేవాడు. చివరిసారి ఆసుపత్రికి తీసుకెళ్ళే హడావిడిలో నన్ను మరిచిపోయారు. ఆయన రాలేదు. గుండె ఆగిందని డాక్టర్లు ఎంత చెప్పినా అనసూయమ్మ ఆ మరుపునే తలుచుకుంటుంది.

మనవరాలు స్వెత్లానాకు, ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉన్న జార్జియాలో మెడిసిన్ సీటొచ్చింది. ఆ రష్యా పేరు తాత పెట్టిందే.

"అదంతా మనోళ్ళ దేశమేనే. దీన్ని చూశారంటే నిన్ను కడుపులో పెట్టుకుంటారు" అంది అనసూయమ్మ, నన్ను కోటుకు గుచ్చుతూ.

"అమ్మమ్మా, ఆ దేశం నేను పుట్టకముందే పోయింది. ఇప్పుడది పదిహేను ముక్కలు."

"ముక్కలైతే మాత్రం మనుషులు మారతారా?"

ఎదురింటి గోపాలం గారు అరుగుమీంచి అందుకున్నాడు. "మారరండీ! ఇప్పటికీ రొట్టెముక్కకు క్యూలో నించోవాలంట. పిల్ల పాస్‌పోర్టు లాక్కుని పార్టీలో కలిపేసుకుంటారు, చూస్తా ఉండండి."

"తమరెప్పుడు చూసొచ్చారో?"

"తమరెప్పుడు చూసొచ్చారో చెప్తే నేనూ చెప్తా."

ఇద్దరూ బెజవాడ దాటి ఎరగరు. అక్కడినుంచి వచ్చినదాన్ని ఆ వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. నన్నెవరూ అడగలేదు.

జార్జియా రాజధాని తిబిలిసీలో మేము దిగేసరికి వాన మంచుగా మారుతోంది. కాలేజీలో సీనియరు ఒకమ్మాయి ఫోనులో మాట్లాడి పెట్టిన గది తప్ప స్వెత్లానాకు ఆ ఊళ్ళో దిక్కు లేదు. టాక్సీ వెళ్ళిపోయింది. ఇంటావిడ ననూలి తలుపు తీసింది. బళ్ళో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన ముసలామె. అమ్మమ్మ మాట గుర్తొచ్చి స్వెత్లానా నవ్వుతూ నేను కనబడేలా కోటు సర్దుకుంది.

ననూలి ముఖం మాడిపోయింది.

"ఎవరిచ్చారిది?"

"మా అమ్మమ్మ."

"నీ పేరు?"

"స్వెత్లానా."

"ఇండియా పిల్లకు ఈ పేరేమిటి, ఈ బిళ్ళేమిటి? నన్ను వెక్కిరించమని ఎవరు పంపారు నిన్ను? గది లేదు, వెళ్ళు."

స్వెత్లానా తలుపు అంచు పట్టుకుంది. "మేడమ్, నాకిక్కడ ఇంకెవరూ తెలీదు."

"ఈ గుర్తు టోపీకి పెట్టుకున్నవాళ్ళే మా నాన్నను తీసుకెళ్ళారు. నాకప్పుడు ఆరేళ్ళు. ఒక చెప్పు తొడుక్కోనిచ్చారు. రెండోది తొడుక్కోనివ్వలేదు."

అప్పుడే ఫోను మోగింది. తెరమీద అనసూయమ్మ. "చేరావా? చలిగా ఉందా? బిళ్ళ ఉందా?" స్వెత్లానా ఏడుస్తూ జరిగింది చెప్పింది. అనసూయమ్మ తెరకు దగ్గరగా జరిగింది.

"ఫోను ఆవిడవైపు తిప్పు. చెప్పవే, మా ఆయన్నీ తెల్లారగట్టే తీసుకెళ్ళారని. వాళ్ళ టోపీలకీ బిళ్ళలే ఉన్నాయని. మూడు సింహాల బిళ్ళలు."

స్వెత్లానా ఇంగ్లీషులో చెప్పింది. తలుపు మూసుకోలేదు, తెరుచుకోనూ లేదు.

"తిరిగొచ్చాడా?" అంది ననూలి.

"వచ్చాడు."

"మా నాన్న రాలేదు."

ఆ మూడు మాటలు స్వెత్లానా తెలుగులో చెప్పింది. అనసూయమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్న మనిషి. ఆమె చదివిన రష్యా పుస్తకాల్లో గోధుమ చేలున్నాయి, ట్రాక్టర్లున్నాయి. ఒంటి చెప్పుతో వెళ్ళిపోయిన మనిషి ఎక్కడా లేడు.

"తీసెయ్యవే తల్లీ" అంది అనసూయమ్మ.

"అది లేకుండా నన్నెప్పుడూ..."

"తీసెయ్యమన్నానా! ఉత్త కోటుతో ఉండు. ఆవిడ ఇంట్లో ఉండు."

బిగుసుకుపోయిన వేళ్ళతో స్వెత్లానా నన్ను ఊడదీసి కిటికీ గట్టుమీద, బయటివైపు పెట్టింది. ననూలి ఆ పిల్ల పెట్టె పిడి పట్టుకుని లోపలికి లాక్కుంది. ఇద్దరి వెనకా తలుపు పడింది.

ఇప్పటికీ నేను ఆ గట్టుమీదే ఉన్నాను. పిన్నీసు తుప్పు పట్టింది. పొద్దున్నే స్వెత్లానా నేను లేకుండానే కాలేజీకి వెళ్తుంది. ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా ననూలి కిటికీ తెరిచి చూస్తూ నిలబడుతుంది. ఒక్కోరోజు ఆ చెయ్యి నా దాకా వస్తుంది. విసిరేస్తుందో, లోపలికి తీసుకుంటుందో అని బిక్కుబిక్కుమంటూ ఎదురుచూస్తాను. ఆమె నామీది మంచును వేలితో తుడిచి, ఎర్ర చుక్కను కిందికి బోర్లించి, కిటికీ మూసేస్తుంది.