కొక్కెం కింద ఎరుపు

సంయుక్త పిస్తోలు కొనుక్కోవడానికి అక్టోబరు ముప్పై ఒకటి దాకే గడువు. ఆ తేదీ దాటితే ఆమె తుపాకీ లైసెన్సు కార్డు మీద జిల్లా ఆఫీసువాళ్లు రాసిచ్చిన అనుమతి చెల్లదు. మళ్లీ క్లబ్బు సిఫారసు, మళ్లీ దరఖాస్తు, మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు. అనుమతి చేతికొచ్చి పదకొండు నెలలు దాటింది. ఆ పదకొండు నెలలూ ఆమె ఒకటే పని చేసింది, ఏ కంపెనీ పిస్తోలు నమ్మదగిందో తేల్చుకోవడం. ఇంకా తేలలేదు.

దీనికి నవ్వేవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు, ఎందుకంటే ఆమె ఉద్యోగమే అది. జర్మనీలో జిండెల్ఫింగెన్ అనే ఊళ్లో కార్ల విడిభాగాలు పరీక్షించే ల్యాబు. తలుపు కీలును లక్షసార్లు తెరిపించి, మూయించి, ఎన్నోసారికి విరిగిందో రాయాలి. విరిగిందని రాస్తే సరిపోదు, ఎందుకు విరిగిందో రాయాలి. 'కారణం' అన్న గడి ఖాళీగా ఉన్న రిపోర్టు మీద ఆమె ఏడేళ్లలో ఒక్కసారీ సంతకం పెట్టలేదు.

ఊరి చివర అడవి అంచున ఉన్న షూటింగ్ క్లబ్బుకి రెండేళ్లకి పైగా వెళ్తోంది. ఆత్మరక్షణ అంటే ఇక్కడ మామూలు మనిషికి ఎవడూ తుపాకీ ఇవ్వడు. గురి చూసి కాల్చే ఆటకైతేనే ఇస్తారు, అదీ ఏడాది పాటు క్లబ్బుకొచ్చి, పరీక్ష రాసి పాసైతే. ఆమెవి చిన్న చేతులు. క్లబ్బు పిస్తోళ్ల పిడి పట్టుకుంటే ఇటుక పట్టుకున్నట్టుంటుంది. అందుకని కాంపాక్ట్ కావాలి, పొట్టిది, పిడి సన్నంగా ఉండేది.

ఏ కంపెనీది అని ఇంటర్నెట్‌లో అడిగితే అభిమాన సంఘాల్లో అడిగినట్టే ఉంది. మాది గొప్పంటే మాది గొప్ప. ఎన్ని గుళ్లు కాల్చావు, ఎన్నిసార్లు ఆగింది, ఏ తూటాలు వాడావు అని అడిగితే ఒక్కడూ లెక్క చెప్పడు. తను కొన్నది చెత్త అని ఒప్పుకునే ధైర్యం మగవాళ్లలో చాలా తక్కువ అని ఆమెకి తేలింది. మిగతావి తేలలేదు.

అనుమతి రాకముందు జిల్లా ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో ఒక మాట ఆమెను పట్టుకుంది, త్సుఫెర్‌లెసిష్‌కైట్. ల్యాబులో రోజుకి పదిసార్లు పలికే మాట, బేరింగు నమ్మదగిందా లేదా అని. ఈ ఉత్తరంలో అది బేరింగు గురించి కాదు, ఆమె గురించి. ఈ మనిషి నమ్మదగిందేనా అని పోలీసు రికార్డులూ కోర్టు రికార్డులూ తిరగేసి నాలుగు నెలలకి అవునన్నారు. 'నా సంగతి నాలుగు నెలల్లో తేల్చారు, తుపాకీ సంగతి నాకు ఏడాది కావస్తున్నా తేలడం లేదు' అని ఇప్పుడు నవ్వుకుంది.

అక్టోబరు మధ్యలో శ్రీహర్ష ఫోను చేశాడు. వరంగల్లువాడు, బ్యోబ్లింగెన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అదే క్లబ్బులో సభ్యుడు. సంయుక్త, ఆమె భర్త విక్రాంత్ ఈ దేశం వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్క అల్లాడుతుంటే రెండు నెలలు తన ఇంట్లో ఉంచుకుని, ఆ అడ్రసు మీదే అన్‌మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో చిరునామా నమోదు, చేయించినవాడు. వాళ్ల మొదటి జర్మన్ కాగితం మీద ఉన్నది అతని ఇంటి నంబరే.

"అక్కా, నా రాబ్నర్ పిస్తోలు తీస్కుంటవా? కాంపాక్టే. నీ చేతికి మస్తు సరిపోతది."

"నువ్వెందుకు అమ్ముతున్నావు?"

"గీ బ్రాండు చెత్త అక్కా. మాటిమాటికి ఆగుతది. నాకు దిమాక్ ఖరాబైంది."

"చెత్తని నాకు అంటగడతావా?"

"నువ్వు ఇంజినీరు గద. నువ్వైతే దాన్ని పట్టుకొని సతాయించి సతాయించి బాగుచేస్కుంటవ్. నాకంత ఓపిక లేదు."

"ఎప్పటినుంచి ఆగుతోంది?"

"రెండు వారాల సంది."

"అంతకుముందు?"

"అంతకుముందు... ఏడాది మంచిగనే ఉండె."

ఏడాది బాగుండి రెండు వారాల్లో చెడితే అది బ్రాండు చెడటం కాదు, ఏదో జరగడం. ఫోను పెట్టేసి ఆమె నోటుబుక్కులో ఆ మాటే రాసుకుంది.

శనివారం శ్రీహర్ష తాళం వేసిన పెట్టెలో పిస్తోలు తెచ్చాడు. రేంజి చూసుకునే పెద్దాయన వ్యోల్ఫ్లె పక్కన నిలబడ్డాడు. డెబ్బై ఏళ్లుంటాయి, నలభై ఏళ్లు తాళాలు బాగుచేసిన మనిషి. క్లబ్బులో ఇంకో ఇద్దరు రాబ్నర్ కొనాలనుకుంటున్నారు కాబట్టి సంయుక్త రాసే కాగితాన్ని నోటీసు బోర్డుకి అంటిస్తానని ముందే చెప్పాడు. ఆమె రాతంటే అతనికి గురి.

నూట ఇరవై గుళ్లు కాల్చింది. ఐదుసార్లు ఆగింది. ఐదుసార్లూ ఒకే తీరు. గుండు పోయాక తూటా ఖాళీ గొట్టాన్ని పట్టి బయటికి లాగాల్సిన చిన్న కొక్కెం దాన్ని లాగడం లేదు, జారిపోతోంది. మధ్యలో తూటాల కంపెనీ మార్చింది, అయినా ఆగింది. పిస్తోలు వ్యోల్ఫ్లె చేతికిచ్చింది, అతనికీ ఆగింది. అంటే చేతి తప్పూ కాదు, తూటా తప్పూ కాదు.

పిస్తోలు ఖాళీ చేసి, విప్పి, సన్నటి పుల్లకి గుడ్డ పీలిక చుట్టి కొక్కెం కింద తిప్పింది. పీలిక ఎర్రగా వచ్చింది. చిక్కటి, నూనె పట్టిన ఎరుపు.

"తుప్పా?" అన్నాడు వ్యోల్ఫ్లె, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని.

"చూసినవా అక్కా!" అన్నాడు శ్రీహర్ష. "ఏడాదికే తుప్పు! నేన్జెప్పలే? డబ్బా బ్రాండ్!"

తుప్పు అని రాస్తే అక్కడితో అయిపోయేది. పిస్తోలుకి తుప్పు, బ్రాండుకి చెడ్డపేరు, ఆమె వేరే దుకాణానికి. కానీ పీలికని వేళ్ల మధ్య నలిపితే గరుకుగా లేదు. తుప్పు గరగరలాడుతుంది. ఇది పిండిలా మెత్తగా ఉంది.

"తెలీదు. తెలిశాక రాస్తాను," అని పీలికని ప్లాస్టిక్ సంచిలో వేసుకుంది.

ఇంట్లో ఆమె అత్తగారు భానుమతి ఉంది. మూడు నెలల వీసా మీద ఖమ్మం నుంచి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఈ తుపాకీ పిచ్చేమిటో ఆమెకి అంతుబట్టలేదు, అడ్డమూ చెప్పలేదు. వంటింటి బల్ల మీద సంచి చూసి, విప్పి, పీలికని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదెక్కడిదే?"

"పిస్తోలు లోపల. తుప్పేమో అనుకుంటున్నాం అత్తయ్యా."

"తుప్పు పసుపు వాసన వస్తదా? మీ ల్యాబులో ముక్కులు వాడరా ఏంది? ఇది కుంకుమ."

"కుంకుమా?"

"అమ్మేది కాదు. అది రంగు. ఇది పసుపులో సున్నం కలిపి చేసింది. నిమ్మకాయ తే."

సంయుక్త ఫ్రిజ్‌లోంచి నిమ్మచెక్క తెచ్చింది. భానుమతి పీలిక మీద పిండింది. నూనె ఉండటంతో కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత అంచుల దగ్గర మొదలై ఎరుపు కాస్తా పసుపుపచ్చగా తిరిగింది. సున్నం వల్ల వచ్చిన ఎరుపు పులుపు తగిలితే దిగిపోతుంది. దిష్టి నీళ్లు కలిపిన ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతి. ఇరవై లక్షల యూరోల పరికరాలున్న ల్యాబులో పనిచేసే సంయుక్తకి తట్టలేదు.

"ఇది నా కుంకుమే," అంది భానుమతి. "బతుకమ్మ నాడు ఆరిళ్లకి పొట్లాలిచ్చిన. చంద్రికకీ ఇచ్చిన."

చంద్రిక శ్రీహర్ష భార్య.

భానుమతి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. సంయుక్త అక్కడే కూర్చుని రోజులు లెక్కపెట్టింది. దసరా గురువారం. పిస్తోలు ఆగడం మొదలైంది ఆ వారాంతం నుంచి. ఆయుధ పూజ అన్నారు కాబట్టి శ్రీహర్ష ఆయుధాన్ని దేవుడి దగ్గర పెట్టాడు. లక్షణంగా బొట్టు పెట్టాడు, అక్షింతలు వేశాడు, పైపైన తుడిచాడు. కుంకుమ మాత్రం సందుల్లోంచి లోపలికి దిగి, తుపాకీ నూనెలో నాని, కొక్కెం కింద గట్టిపడింది. ఇనుములో లోపం లేదు.

ఇంకో సంగతి కూడా తేలింది, అదే ఆమెకి మింగుడుపడలేదు. ఇక్కడి చట్టంలో తుపాకీ ఉంటే చేతిలో ఉండాలి, లేదా ఇనప్పెట్టెలో ఉండాలి. దేవుడి అర అని మూడో చోటు లేదు. శ్రీహర్ష ఇంట్లో ఆరేళ్ల ఈషా ఉంది.

సోమవారం సాయంత్రం బ్యోబ్లింగెన్ స్టేషను బేకరీలో అతన్ని కలిసింది. కాఫీలు రాకముందే అడిగింది.

"దసరా నాడు పిస్తోలు ఎక్కడ పెట్టావు?"

శ్రీహర్ష మొదట నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఖాళీదే అక్కా. మ్యాగజైన్ గూడ తీసేసిన."

"ఎక్కడ?"

"దేవుని కాడ. మా నాయిన పోలీసు, ఠాణాల తుపాకులకు పూజ చేస్తరు. నా దాంట్ల తప్పేముంది?"

"ఠాణాలో కాపలా ఉంటుంది. ఎంతసేపు పెట్టావు?"

"పూజ అయ్యేదాక."

"పూజ ఎప్పుడయ్యింది?"

అతను చెంచాతో బల్ల మీద కొట్టాడు. "ఉద్వాసన చెప్పకుండ కదిలియ్యద్దు గద. తెల్లారి పునఃపూజ చేసి తీసిన."

"తెల్లారి శుక్రవారం సెలవు. ఈషా ఇంట్లోనే ఉంది. నువ్వో?"

"రెవె దుకాన్‌కు పోయిన, పాలకు." చెంచా పక్కన పెట్టాడు. "పది నిమిషాలు అక్కా. పదంటే పదే."

కాఫీలొచ్చాయి. ఇద్దరూ తాగలేదు.

"నా నీడర్‌లాసుంగ్ టెర్మిన్ వచ్చే నెల ఉంది, ఈడ్నే ఉండిపోయే పర్మిట్‌ది," అన్నాడు శ్రీహర్ష. "గీ ముచ్చట కాయితం మీదికెక్కితే నేనేమైత? నువ్వు తుప్పు అని రాసెయ్యి. బ్రాండుకు నోరుందా, ఏడుస్తదా? మీరొచ్చినప్పుడు నా ఇంటి అడ్రసిచ్చిన. యాదికుందా?"

"ఉంది."

"మరి?"

"అడ్రసు నువ్వు నిజమైందిచ్చావు. నన్ను అబద్ధం రాయమంటున్నావు."

"అబ్బో! ఇంక నిన్ను గూడ పెట్టి పూజ చేయాలె!"

"నువ్వే వెళ్లి వ్యోల్ఫ్లెకి చెప్పు. శుక్రవారం దాకా ఆగుతాను. శనివారం మాత్రం 'కారణం' గడి నింపుతాను."

లేచి రైలెక్కింది. తుప్పు అని రాయడం ఎంత తేలికో ఆమెకి తెలుసు. రెండక్షరాలు చాలు. ఎవరూ అడగరు. పదకొండు నెలలు తను వెతికింది ఒక ఇనుప ముక్క నమ్మకాన్ని. ఆఫీసువాళ్లు ఆ మాట ఇనుము గురించి ఎందుకు అడగలేదో, మనిషి గురించే ఎందుకు అడిగారో ఆ రైల్లో అర్థమైంది. ఇనుము ఆగినా అబద్ధం ఆడదు.

శుక్రవారం ఫోను రాలేదు.

శనివారం పొద్దున క్లబ్బుకి వెళ్లేసరికి శ్రీహర్ష అప్పటికే వచ్చి ఉన్నాడు. వ్యోల్ఫ్లె ఎదురుగా, పెట్టె ఒళ్లో పెట్టుకుని, తలొంచుకుని. ఆమె వైపు చూడలేదు.

"ఇతను అంతా చెప్పాడు," అన్నాడు వ్యోల్ఫ్లె. "సోమవారం తనే వెళ్లి తన మాట తనే ఆఫీసులో చెప్పి కార్డు వాపసు ఇచ్చేస్తాడు. వెళ్లకపోతే మంగళవారం నేను ఉత్తరం రాస్తాను. వాళ్లేం చేస్తారో నాకు తెలీదు." తర్వాత సంయుక్తని అడిగాడు. "దేవుడి ముందు ఆ పొడి ఎందుకు వేస్తారు?"

"పనిముట్టుకి మర్యాద," అంది సంయుక్త.

"మర్యాద అంటే నూనె," అన్నాడు ముసలాయన. "శుభ్రం చెయ్యి."

గంటసేపు శుభ్రం చేసింది. కొక్కెం ఊడదీసి, కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క నూనె వేసి బిగించింది. మూడు వందల గుళ్లు కాల్చింది. మొదట్లో వాడిన తూటాలే, ఆ చేతులే, వ్యోల్ఫ్లె కూడా కాల్చాడు. ఒక్కసారీ ఆగలేదు. శ్రీహర్ష వెనక బెంచీ మీద కూర్చుని ప్రతి దెబ్బా విన్నాడు. మూడువందలవది పేలాక లేచి బయటికి వెళ్లాడు.

నోటీసు బోర్డు కాగితంలో ఆమె ఇలా రాసింది. పిస్తోలు: నమ్మదగింది. ఆగడానికి కారణం: వాడినవారు లోపలికి పోనిచ్చిన పొడి. శ్రీహర్ష పేరు రాయలేదు. పొడి ఏమిటో రాయలేదు. అబద్ధమూ రాయలేదు.

సోమవారం శ్రీహర్ష ఆఫీసుకి వెళ్లాడు. కార్డు తీసుకున్నారు, తతిమ్మాది ఉత్తరం ద్వారా తెలియజేస్తామన్నారు. తుపాకీని ఎవరికైనా అర్హులకి అప్పగించడానికి గడువిచ్చారు. ముప్పయ్యో తేదీన వ్యోల్ఫ్లె ఎదుట కాగితాల మీద సంతకాలయ్యాయి. అప్పుడు శ్రీహర్ష ఆమెతో ఒక్క మాటే అన్నాడు, "గురి జర ఎడమకు గుంజుతది." ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు. చంద్రిక కూడా మానేసింది. వాట్సాప్ గ్రూపులో ఎవరో 'మనోళ్లే మనోళ్లని పట్టిస్తరు' అని పెట్టారు. కింద పదకొండు చప్పట్లు. ఆరేళ్ల పిల్ల ఊసు ఎవడూ ఎత్తలేదు.

ముప్పయ్యో తేదీ సాయంత్రమే పిస్తోలు ఇంటికి తెచ్చింది. పడకగదిలో గోడకి బోల్టులేసిన ఇనప్పెట్టెలో పెట్టి, మూసి, నంబరు తిప్పింది. వెనక భానుమతి నిలబడి ఉంది.

"కొత్త వస్తువు," అంది. "బొట్టన్నా పెట్టకుండ లోపల పడేస్తివి."

"అత్తయ్యా!"

"అరవకే. తెరవమన్నానా?"

కుంకుమ భరిణ చేతిలోనే ఉంది. ముందు పసుపు, దాని మీద కుంకుమ, తలుపు మధ్యలో, తాళానికి జానెడు పైన పెట్టింది. తర్వాత హ్యాండిల్ పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూసింది. రాలేదు.

"ఊఁ. గట్టిదే," అంది.