తల దించిన చక్రం

పొద్దున కాఫీ తాగాక బ్రహ్మానందం లుంగీ ఎగ్గట్టి కారు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. ఒక్కో టైరునీ కాలితో నొక్కి చూస్తాడు. బాపట్లలో ఎరువుల కొట్టు నడిపే మనిషి, బస్తాని కూడా అలాగే కాలితో నొక్కి మంచిచెడ్డలు చెప్పేస్తాడు. ఎడమవైపు ముందు చక్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోతాడు. ఆ టైరు లోపలి అంచు, ఒక పక్కే అరిగిన చెప్పులాగా నున్నగా అయిపోయి ఉంటుంది. కొత్తది వేయించి ఎన్నాళ్ళో కాలేదు.

"మళ్ళీ తినేసింది చూడు," అంటాడు వీధి గుమ్మం వైపు తిరిగి.

గుమ్మంలో ముగ్గు గిన్నెతో నిలబడ్డ భార్య హైమావతి, వంగి ముగ్గు వేయడం మొదలుపెడుతుంది. ఆ చక్రం సంగతి ఆవిడకి తెలుసు.

పోయిన వేసవి దాకా ఆ కారుని జకరయ్య నడిపేవాడు. రేపల్లె మనిషి. వీళ్ళ పిల్ల పురిటికి వెళ్ళినా, ఇంట్లో పెద్దాయన్ని ఆసుపత్రిలో చేర్చినా బండి అతని చేతిలోనే ఉండేది. హైమావతికి కారు నేర్చుకోవాలని ఉండేది. వయసు మళ్ళాక ఏదైనా నేర్చుకోవాలనిపిస్తే, ఆ మాట పైకి అనడానికే మొహమాటంగా ఉంటుంది. ఒకసారి ధైర్యం చేసి భర్తని అడిగింది. "నువ్వు నడుపు, నేను వెనక నడిచొస్తా," అని ఆయన నవ్వాడు. అందుకని ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళకి, గుడికని చెప్పి, జకరయ్యతో ఊరి బయటికి వెళ్ళేది.

"క్లచ్చు మీద కాలు పిల్లిలాగా పెట్టాలండి అమ్మగారూ," అనేవాడు జకరయ్య పక్క సీట్లో కూర్చుని. "మీరు గేదెలాగా పెడుతున్నారు."

ఆవిడ నవ్వేది. చెమటలు పడుతూనే నవ్వేది.

ఒకనాడు రోడ్డు మీద సగం దాకా ఎవరో మొక్కజొన్న ఆరబోశారు. బళ్ళు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చారు. "కుడికండి, కుడికి," అన్నాడు జకరయ్య. ఆవిడ చేతులు ఎడమకి తిరిగాయి. ముందు చక్రం పెద్ద రాయి ఎక్కి, దబ్బున దిగింది.

వాళ్ళు ఇంటికొచ్చాక బ్రహ్మానందం వంగి చక్రాన్ని చూశాడు. "తాగి నడిపావా?" అన్నాడు జకరయ్యని.

జకరయ్య హైమావతి వైపు చూశాడు. ఆవిడ నోరు తెరిచింది. "పొయ్యి మీద పాలున్నాయి," అని లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవు. వంటింట్లో గోడకి ఆనుకుని, బయట మాటలు ఆగేదాకా ఊరికే నిలబడింది. బయటికొచ్చి చూస్తే అరుగు మీద కారు తాళం ఉంది, మనిషి లేడు.

కొట్టుకి వచ్చినవాళ్ళందరితో బ్రహ్మానందం చెప్పాడు. కొట్టులో మాట ఊరంతా పాకడానికి ఎంతసేపు! జకరయ్య చుక్క ముట్టడని తెలిసినవాళ్ళు కూడా అతనికి స్టీరింగు ఇవ్వడం మానేశారు. నిజాంపట్నంలో రొయ్యల పెట్టెలు మోస్తున్నాడని విన్న రోజు హైమావతికి అన్నం దిగలేదు. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు వేసవి దాటి, వానలు దాటి, చలికాలంలోకి వచ్చేసింది.

చక్రం అప్పట్నుంచీ లోపలికి వాలడం మొదలుపెట్టింది. బండి కుడికి, ఎదురొచ్చే బళ్ళ మీదకి లాగుతోంది. చివరికి ఒక ఆదివారం ఇద్దరూ తెనాలి వెళ్ళారు, శాలేమురాజు షెడ్డుకి. చక్రాల వంకరలు సరిచేయడంలో అతనికి పేరుంది. ప్రార్థన అయిపోయి వచ్చాడేమో, తెల్ల చొక్కా మీదే పాత కోటు తొడుక్కుని పనిలో దిగాడు.

"కాంబర్ పోయిందండి," అన్నాడు కంప్యూటరు తెర చూసి. తెర మీద ఎడమ చక్రం అంకె ఎర్రగా ఉంది. "చక్రం నిలువుగా ఉండాలి కదండీ, నెత్తి లోపలికి వంచేసింది. దీనికి కంపెనీవాడే వేరే బోల్టు ఇస్తాడు." చేతిలో పెట్టి చూపించాడు. తల పాతదాని తలలాగే ఉంది, నడుము మాత్రం సన్నం. "పాతది బెజ్జంలో బిగుతుగా కూర్చుంటుంది. ఇది సన్నం కాబట్టి చక్రం కదలడానికి కాస్త చోటు దొరుకుతుంది. అప్పుడు నెత్తి పట్టుకుని బయటికి లాగి బిగించేస్తే సరి."

అలాగే చేశాడు. చక్రం విప్పి, పై బోల్టు కొట్టి తీసి, సన్నది దూర్చి, రెండు చేతులతో లాగిపట్టి బిగించాడు. తెర మీద అంకె పచ్చబడింది. బ్రహ్మానందం ఎక్కి కూర్చున్నాడు. పచ్చగానే ఉంది.

"అమ్మా, మీరూ కూర్చోండి, ఒకసారి చూద్దాం."

హైమావతి వెనక సీట్లో కూర్చుంది. చక్రం మెల్లగా నెత్తి వంచుకుంది. అంకె ఎర్రబడింది.

"రెండు ఇడ్లీలు తగ్గించమంటే వినదయ్యా," అన్నాడు బ్రహ్మానందం.

"బరువు కాదండి. బరువైతే స్ప్రింగు కుంగుద్ది. ఇది తల దించుకోవడం." శాలేమురాజు కింద బోల్టు కూడా మార్చాడు. ఆవిడ దిగితే పచ్చ, ఎక్కితే ఎరుపు. "ఇంతకంటే సన్నవి కంపెనీ చెయ్యదండి," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

ఇనుముకి మనుషుల సిగ్గు అంటుకోవడం ఆ వైపు ఊళ్ళలో తుప్పు పట్టినంత మామూలు. బల్ల మీద టీ తాగుతున్న చుండూరు ఆసామి తలెత్తి, "మా బావ మోటారుసైకిలూ అంతే. హ్యాండిలు ఎప్పుడూ నేలచూపులే. సొంత అన్నని గృహప్రవేశానికి పిలవలేదులే," అని మళ్ళీ టీలో పడ్డాడు.

బ్రహ్మానందం కారు దిగి, కిటికీలోంచి భార్యని చూశాడు. "నీకేం సిగ్గే?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

అప్పుడే ఆయన ఫోను మోగింది. షెడ్డులో గాలి మిషను మోతకి వినపడక స్పీకరు పెట్టాడు.

"అంకుల్, నేను జెన్నిఫర్‌నండి, రేపల్లెలో స్కూలు నడుపుతున్నాను. జకరయ్యగారు మా వ్యాను డ్రైవరు పనికి వచ్చారు. ఇదివరకు మీ దగ్గర చేశారంట కదా. తాగుతారని ఊళ్ళో అంటున్నారు. పిల్లల బండి కదండీ, మీ మాట వినకుండా ఎలా పెట్టుకోను?"

"చూడమ్మా," అన్నాడు బ్రహ్మానందం గొంతు సవరించుకుని. "మనిషి నెమ్మదస్తుడే. కానీ పిల్లల బండి అంటున్నావు. నేనైతే..."

హైమావతి చెయ్యి కారు తలుపు మీద ఉంది. దిగితే చాలు. చక్రం లేచి నిలబడుతుంది, తెర పచ్చబడుతుంది, ఇంక ఎవరూ ఏమీ అడగరు. టీ గ్లాసుల వాళ్ళు, పనివాళ్ళు, భర్త, అందరూ ఇటే చూస్తున్నారు. కింద ఇనుము కిర్రుమంటోంది. చక్రం ఎంతగా వాలిందంటే నెత్తి లోపలి రేకుకి తగిలింది.

ఆవిడ తలుపు మీంచి చెయ్యి తీసి, కిటికీలోంచి బయటికి చాపింది. "ఫోను ఇటివ్వండి."

ఇచ్చాడు.

"అమ్మా జెన్నిఫర్, నేను వాళ్ళావిడని. ఆ రోజు బండి నడిపింది నేను. రాయి ఎక్కించింది నేను. జకరయ్య తాగడు. ఎన్నడూ తాగలేదు. అడిగినప్పుడు నేను నోరు మూసుకుని లోపలికి పోయాను."

గాలి మిషను ఎవరో ఆపేశారు.

"జకరయ్యగారు నా ఎదురుగానే కూర్చున్నారండి," అంది జెన్నిఫర్. "విన్నారు."

తర్వాత జకరయ్య గొంతు. "సారు పక్కనే ఉన్నారాండి?"

"ఉన్నారు."

"విన్నారాండి?"

"విన్నారు జకరయ్యా."

"సరేనండి," అన్నాడు. ఫోను ఆగిపోయింది.

బ్రహ్మానందం భార్య చేతిలోంచి ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు. పెళ్ళాన్ని కేకలేస్తాడని అందరూ అనుకున్నారు. కొట్టులో ఎరువు తూస్తూ, బస్తా బస్తాకీ ఒకరికి ఆ తాగుడు మాట చెప్పింది తనే. అడగకపోయినా చెప్పాడు. వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే కుడివైపు ముందు చక్రం కూడా మెల్లగా నెత్తి వంచుకుంది.

శాలేమురాజు తెర చూశాడు. రెండు అంకెలూ ఎర్రగా, ఒకే అంకె. "ఇంక పక్కకి లాగదండి," అన్నాడు. "రెండూ సమానంగా వాలాయి. టైర్లు మాత్రం అరుగుతాయి. అది నా చేతిలో లేదు."

షెడ్డు బయట బ్రహ్మానందం బండిని బాపట్ల వైపు తిప్పలేదు. వేమూరు మీదుగా రేపల్లె దారి పట్టాడు. ఎప్పట్నుంచో కుడికి గుంజిన కారు, తలలు రెండూ దించుకుని, గీత గీసినట్టు తిన్నగా పోయింది. దారిలో ఒకచోట మాత్రం, "నాతో చెప్తే నేర్పించేవాణ్ణిగా," అన్నాడు. కాసేపాగి, "నేర్పించేవాణ్ణి కాదులే," అన్నాడు.

స్కూలు ఆవరణలో పసుపు వ్యాను నిలబడి ఉంది. జకరయ్య దాని అద్దం తుడుస్తున్నాడు. గేటులో కారు ఆగడం చూసి దగ్గరికి వచ్చాడు. ముందు మనుషుల్ని చూడలేదు. వంగి చక్రాన్ని చూశాడు, అటు వెళ్ళి రెండోదీ చూశాడు. తర్వాత లేచి పక్కకి నిలబడ్డాడు.

హైమావతి దిగింది.

"జకరయ్యగారూ," అంది. ఆ పేరు పక్కన గారు అనడం ఆవిడకి అదే మొదలు. "తప్పు నాదండి."

"అవునండి," అన్నాడు జకరయ్య.

అంతే అన్నాడు. ఆఫీసు గదిలోంచి జెన్నిఫర్ బయటికొచ్చి, "డ్రైవరుగారూ, రేపు పొద్దున తిరగాల్సిన ఊళ్ళు ఒకసారి చూసొద్దామా?" అని పిలిచింది.

"వస్తున్నానండి," అని అతను వెళ్ళి వ్యాను ఎక్కాడు. గేటుకి అడ్డంగా ఉన్న కారుని బ్రహ్మానందం వెనక్కి తీసి, దారి ఇచ్చాడు.