దుప్పటి దులిపే ఆట

రిమోట్ చేత్తో పట్టుకుని ఊపితే ఆడే ఆ గేమ్ మెషిన్ వచ్చిన ఏడాది, దాన్ని కొనని ఇల్లు మా వీధిలో లేదు. దానికోసం మనమూ ఒక ఆట చేద్దామంటే మాత్రం మా తమ్ముడు కొరివితో తల గోక్కోమన్నట్టు చూసేవాడు.

మాది చిన్న గేమ్ స్టూడియో. కుట్టు మెషిన్లు బాగుచేసే షాపు పైన ఒకే ఒక్క గది. తమ్ముడు యజమాని. మరదలు షాపుల చుట్టూ తిరిగి మా ఆటలు అమ్ముకొస్తుంది. బొమ్మలు గీసేది నేను. మిగిలింది ప్రోగ్రామర్. అతన్ని మేమంతా కుర్చీ అంటాం. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవడు, ప్రింటర్ దగ్గరికైనా చక్రాల మీదే దొర్లుకుంటూ వెళ్తాడు. ఒకసారి అలాగే వెళ్ళి తలుపు తీస్తే, కొరియర్ ఆయన కాలికి దెబ్బెలా తగిలిందని పరామర్శించి మరీ వెళ్ళాడు.

నేను తలకెత్తుకున్నది దుప్పటి ఆట. రిమోట్ ఊపి తడి దుప్పటి దులపాలి, తీగ మీద ఆరేయాలి, గాలి కొడితే ఎగిరిపోకుండా పట్టుకోవాలి, వాన వచ్చేలోగా తీసెయ్యాలి. రాక్షసులు లేరు, నెత్తురు లేదు. అంతకుముందు మేం చేసిన ఆటలన్నీ తమ్ముడి బుర్రలో పుట్టినవి. వాడి వీరులకి కత్తిపిడులు గీసీ గీసీ నాకు చిరాకెత్తిపోయింది. ఇది మాత్రం అచ్చంగా నాది. సగం తయారైంది కూడా. వాడు ఊఁ అంటే మిగతా సగం పూర్తవుతుంది, ఊహూఁ అంటే అటకెక్కుతుంది.

వాడేమో నెలల తరబడి నానుస్తున్నాడు. మిగతా మెషిన్లకైతే ఒకసారి చేసిన ఆటనే అటూ ఇటూ మార్చి పంపొచ్చట. దీనికి చేస్తే దీనికే, నడవకపోతే ఇంకెక్కడా పనికిరాదట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటాడు. అన్నిటికంటే పెద్ద భయం మెషిన్ కంపెనీయే. అది తన బంతాట ఒకటి మెషిన్ పెట్టెలోనే పెట్టి ఇస్తుంది, ఆ ఆట బాగుంటుంది కూడా. బయటివాళ్ళ ఆటలు షాపుల్లో కింది అరలో దుమ్ము తింటుంటాయి.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదంటారు. ఇక్కడ వడ్డించేవాడే ముందు కూర్చుని తింటున్నాడక్కా," అన్నాడు.

తింటే తిన్నాడు, మనకొక ముద్ద మిగల్చడా అని నేను దెబ్బలాడాను. మరదలు వాడి పక్షమే చేరింది. ఆ మెషిన్ కొన్నవాళ్ళు అదనపు రిమోట్ కోసం తప్ప మళ్ళీ గుమ్మం తొక్కడం లేదని షాపులవాళ్ళు చెబుతున్నారట. తమ్ముడు చెబితే కొట్టిపారేసేదాన్ని. వాడి పెళ్ళాం చెప్పేసరికి కాసేపు ఆలోచించాను. ఆలోచించాక ఇంకా కోపం వచ్చింది.

అప్పుడు మా పిన్నిని బరిలోకి దించాను. పిన్ని జన్మలో గేమన్నది ఎరగదు. టీవీ రిమోట్ కూడా బాబాయి చేతిలోంచి ఏనాడూ తీసుకోలేదు. అలాంటి మనిషి ఈ మెషిన్ వచ్చాక పక్కింటావిడతో బంతాటలో పోటీలు పడుతోంది, ఓడిన రోజు ఆవిడతో మాట్లాడటం లేదు. ఇలాంటివాళ్ళు ఇంటికొకరు తయారయ్యారు, వీళ్ళ కోసం ఎవరూ ఏమీ చెయ్యకపోతే ఎలా అని అడిగాను. తమ్ముడు సరే అన్నాడు. పిన్నిని పిలుద్దాం, ఎవరూ బతిమాలకూడదు, ఆడాక షాపులో పెడితే కొంటానందంటే ఆట పూర్తి చేద్దాం, లేదంటే అక్క మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. నేను మరుమాట లేకుండా ఒప్పుకున్నాను.

పిన్ని వచ్చింది. గది మధ్యలో కాళ్ళు దూరంగా పెట్టి నిలబడి, నిజం దుప్పటి దులిపినట్టే భుజం దగ్గర్నుంచి చెయ్యి విసిరింది. తెర మీది దుప్పటి రివ్వున లేచి ఎదురింటి డాబా దాటిపోయింది. మళ్ళీ విసిరింది. ఈసారి కరెంటు స్తంభానికి చుట్టుకుంది. మూడోసారి ఏమైందో దుప్పటి అసలు కనబడలేదు. పిన్ని రిమోట్‌ని రుమాలుతో తుడిచి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"నాకు చేతకాదులేవే. మంచి ఆటే, నాకే రావడం లేదు," అంది.

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని చాలామందిని చూశాను. మద్దెల ఓడైతే తప్పు తనమీద వేసుకున్న మనిషిని అప్పుడే చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు.

ఎవరి మీదో కుర్చీ చూపించాడు. అలా కాదండీ, ఇలా అంటూ కూర్చున్నచోటే మోచెయ్యి ఆనించి, ఈగని తోలినట్టు మణికట్టు ఒక్కసారి విదిలించాడు. దుప్పటి బుద్ధిగా వెళ్ళి తీగ మీద పడింది. ఇన్ని నెలలూ మేమందరం ఆ ఆటని అలాగే ఆడాం మరి. ఒక చేత్తో కాఫీ, ఇంకో చేత్తో విదిలింపు. మేం గోరంత కదిలితే దాన్ని కొండంత చేసుకోవడం ఆటకి నేర్పాం. పిన్ని నిజంగానే కొండంత కదిలింది. ఊపే మెషిన్‌కి ఒళ్ళు వంచని నలుగురం కలిసి ఆట చేస్తే ఇంకేమవుతుంది?

ముందు కుర్చీ మొహమే ఎర్రబడింది. అప్పుడు ఆ గదిలో ఎన్నడూ జరగనిది జరిగింది. అతను లేచి నిలబడ్డాడు.

"తప్పు మీది కాదండీ, మాది. మాలో ఒక్కళ్ళూ లేచి ఆడలేదు. వచ్చేవారం ఇంకోసారి వస్తారా?" అని పిన్నిని అడిగాడు.

ఆ వారం మా గతి చూసి పగవాడు కూడా జాలిపడేవాడు. బల్లలు గోడకి నెట్టేసి పొద్దుటినుంచి సాయంత్రం దాకా గాలిని దులిపాం. మరదలు ఒక బల్బు పగలగొట్టింది. చప్పుళ్ళకి కింద షాపాయన మీరు కొట్టుకుంటున్నారా అని పైకొచ్చి, కాదని తెలిసి, తనూ ఒక చెయ్యి వేసి వెళ్ళాడు. కుర్చీ లేస్తే అబ్బా, కూర్చుంటే అమ్మా. ప్రతి ఆటా ఇలా నిలబడి సరిచూసుకోవాలంటే ఏ స్టూడియో మాత్రం ముందుకొస్తుందని తమ్ముడు భుజానికి మందు రాసుకుంటూ సణిగాడు. వాడి భుజానికి నొప్పి పుట్టినందుకు నాకు కొంచెం సంతోషంగానే ఉండింది.

పిన్ని మళ్ళీ వచ్చి చెయ్యి విసిరింది. దుప్పటి ఆమె చెప్పినట్టు విన్నది. పిన్ని దాన్ని విప్పింది, దులిపింది, ఆరేసింది, గాలి కొడితే ఒడుపుగా లాగి పట్టుకుంది. తెర మీద మబ్బు పడితే అయ్యయ్యో అంటూ అన్నీ తీసేసి, ఒక్కటీ తడవలేదు చూశావా అని నాకు గర్వంగా చెప్పింది. ఆమె కోసం తెచ్చిన టీ చల్లారిపోయింది. నవ్వకూడదనుకున్న తమ్ముడు కూడా నవ్వేశాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

"పిన్నీ, ఇది షాపులో పెడితే కొంటావా?" అని వాడు అడిగాడు.

పిన్నికి అర్థం కాలేదు. "ఎందుకురా? నా దగ్గర ఒకటి ఉందిగా."

"అది బంతాట కదా. ఇది వేరే."

"వేరేదే. దానికంటే ఇదే బాగుంది. పెట్టెలో ఇదిచ్చి ఉంటే రోజూ ఇదే ఆడేదాన్ని. కానీ ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉండగా ఇంకోటి ఎవరు కొంటారురా?"

"ఆ మెషిన్ పెట్టె మనది కాదు పిన్నీ," అన్నాడు తమ్ముడు. ఎంత మెల్లగా అన్నాడంటే, వాడి మీద కోప్పడే వీలు కూడా నాకు లేకపోయింది.

పిన్ని నా మొహం చూసింది. పందెం సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు, అయినా ఏదో జరిగిందని పసిగట్టింది. "ఇది నీ బుర్రలో పుట్టిందటే? ముందే చెప్పొద్దూ! కొంటానే. రెండు కొంటాను, పక్కింటావిడకి కూడా ఒకటి," అంది.

ఎవరూ బతిమాలలేదు. కొంటానంది. మాట ప్రకారం చూస్తే ఆట నాదే. తమ్ముడు అడ్డు చెప్పలేదు, నువ్వే తేల్చుకో అన్నట్టు నావైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణం నాకు ఎంత ఆశ పుట్టిందో దాచను. కానీ పిన్నిలాంటివాళ్ళు ఇంటికొకరున్నారని అన్నది నేనే. వాళ్ళందరికీ నేను అక్క కూతుర్ని కాను.

"వద్దులే పిన్నీ. ఇది షాపులోకి రావడం లేదు," అన్నాను.

అయ్యో, ఇంత బాగుంటే అంది పిన్ని. షాపులోకి రాకపోతే పోయింది, ఇక్కడ ఉన్నంతసేపైనా ఇంకోసారి ఆడనా అని అడిగింది. రిమోట్ ఆమె చేతికిచ్చాను. తమ్ముడు నా పక్కకొచ్చి ఏదో అనబోతే చేత్తో వారించాను. నాకు ఏడుపొచ్చింది. మాకు వీపు పెట్టి నిలబడి దుప్పటి దులుపుతోంది కాబట్టి పిన్ని చూడలేదు.