రెండో గేరు

మస్తానయ్య పోయిన నాటికి ఆ గేరుబాక్సు వసారాలో రెండు గోనెపట్టాల మీద విప్పి పరిచి ఉంది. దినవారాలకు వచ్చిన చుట్టాలు దాన్ని ఓ మూలకు ఎత్తి పెట్టమన్నారు. ఆయన భార్య రత్తమ్మ ఒప్పుకోలేదు. ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉందో అదే దాని వరస, జరిపితే ఇక కలపడం ఎవరి తరమూ కాదని, వచ్చినవాళ్ళందరినీ పెరటి దారినే నడిపించింది.

అది తెనాలిలో ఉండే వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారి కారుది. ఆయన తండ్రి కొన్న అమెరికా కారు. అరవై ఏళ్ళు పైబడ్డది. దానికి క్లచ్చు ఉండదు, గేర్లు వాటంతట అవే పడతాయి. అవి పడడం మానేశాక కార్ల మెకానిక్కులు ఒక్కొక్కరే వచ్చి చూసి, మావల్ల కాదన్నారు. రేపల్లెలో పడవ ఇంజన్లు బాగుచేసే మస్తానయ్య మాత్రం, "లోపలుండేవి ప్లేట్లూ సీళ్ళే కదండీ. నిజాంపట్నం బోట్లలో లేనివా?" అని దించి ఇంటికి తెచ్చాడు. అరిగిన ప్లేట్లకు బదులు కొత్తవి తెప్పించాడు. బిగించబోయే వారంలో గుండె ఆగి పోయాడు.

ఇక బజారులో మాట పుట్టింది. పడవల మనిషికి కారు ఇస్తే అంతేనని, ఉన్నదాన్ని పాడుచేసి పోయాడని. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన చేతికి వచ్చిన ఇంజను నడవకుండా తిరిగి పోయింది లేదు. ఆఖరిదాని మీద ఈ మాట పడి, అదే ఆయన పేరుకు అంటుకుపోతుందని రత్తమ్మకు అన్నం సయించలేదు.

మాస్టారు ఫోన్ చేశారు. "బాపట్లలో ఫంక్షన్ హాలు ఆయన కారు అడుగుతున్నాడమ్మా. కదలకపోయినా పర్లేదట. గుమ్మం ముందు పెడితే పెళ్ళివాళ్ళు ఫొటోలు దిగుతారట."

"నెలాఖరు దాకా ఆగండి మాస్టారూ. మేం బిగిస్తాం."

"మేం అంటే ఎవరమ్మా?"

"నేనూ, ఆయన స్నేహితుడు అంద్రెయా. ముక్కలన్నీ కిరసనాయిలుతో కడిగింది నేనేనండి. ఏది ఎక్కడిదో నా చేతులకు తెలుసు."

 మాస్టారు సరేనన్నారు.

నిజాంపట్నంలో బోట్ల గేరుబాక్సులు బాగుచేసే అంద్రెయ మర్నాడే దిగాడు. గోనెపట్టాల ముందు గొంతుక్కూర్చుని, "ఏంటి వదినా ఇది, చేపల వేలంలా పరిచాడు మావాడు?" అన్నాడు. మస్తానయ్య పోయాక ఆ ఇంట్లో ఎవరైనా నవ్వించే మాట అనడం అదే మొదలు.

పదకొండు రోజులు పట్టింది. ప్లేట్లను నూనెలో నానబెట్టి ఒక్కొక్కటే అందించింది రత్తమ్మ. బాక్సును తలకిందులుగా పెట్టి బిగిస్తే అన్నిటికంటే పైన వచ్చేది వాల్వుల దిమ్మ. పుస్తకమంత ఉంటుంది. లోపలంతా సన్న దారులు, వాటిలో జారే చిటికెన వేలంత వాల్వులు. "మన కాలవల మీద లాకులే అనుకో. నూనె ఎటు వదిలితే ఆ గేరు పడుద్ది" అని మస్తానయ్య చెప్పినది ఆమెకు అలాగే గుర్తుంది.

దిమ్మ బిగించారు. మూత ఒక్కటే మిగిలింది. బోటు ఇంజను మూసేముందు పసుపు కుంకుమ పెట్టడం వాళ్ళ వాడుక. పక్క వాటాలో ఉండే తోడికోడలు విజయ పళ్ళెం పట్టుకొచ్చింది. విజయ వస్తుండగానే, ఎవరూ చెప్పకుండానే, రత్తమ్మ లేచి లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడింది. భర్త పోయిన ఆడది అలాంటప్పుడు ఎదురుగా ఉండదు. అంద్రెయ టోపీ తీసి, కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి విజయ పళ్ళెంతో వెళ్ళిపోతోంది. దిమ్మ మీద పొర్లిన ఎర్రటి నూనె తప్ప అతనికేమీ కనపడలేదు. మూత బిగించాడు.

తెనాలిలో గేరుబాక్సును కారుకు ఎక్కించాక మాస్టారు నడిపారు. మొదటి గేరులో కదిలింది. వీధి చివరిదాకా ఇంజను గీపెట్టింది, రెండో గేరు పడలేదు. తిరిగి వచ్చి ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మస్తానయ్య విప్పినప్పుడే ఏ వాల్వు మీదో గీత పడి ఉంటుందమ్మా. పెద్ద వయసు, చూపు ఆనలేదేమో. అతన్ని నేనేమీ అనను."

అనను అన్న ఆ మాటే రత్తమ్మకు ఎక్కువ తగిలింది. "ఒక్క వారం ఇవ్వండి" అంది. కారు కింద మూత విప్పించి, దిమ్మను తువ్వాలులో చుట్టుకుని రేపల్లె బస్సెక్కింది.

ఇంటికొచ్చి వాల్వులు ఒక్కొక్కటే లాగింది. మూడు జారాయి. నాలుగోది పట్టేసింది. తీసి వేళ్ళ మధ్య తిప్పితే గీత లేదు, కానీ సన్నగా గరగరలాడింది. కిరసనాయిలుతో తెల్లగుడ్డ మీద కడిగింది. నూనె పోయింది. ఎరుపు పోలేదు. పక్కన కాస్త పసుపు కూడా ఉంది.

ఆమెకు అంతా అర్థమైంది. దిమ్మకు పెట్టిన కుంకుమ నూనెతో పాటు దారిలోకి దిగి వాల్వును పట్టేసింది. చెప్పకపోతే తప్పు మస్తానయ్యది. చెబితే, మొగుడు పోయినది పుణ్యస్త్రీ కుంకుమను తప్పు పట్టిందని నలుగురూ అంటారు. ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని పొద్దువాలేదాకా అలాగే కూర్చుంది.

కాఫీ తెచ్చిన విజయ గుడ్డను చూసింది. ఎవరూ నోరు విప్పకముందే గ్లాసు కింద పెట్టేసింది.

"నా చెయ్యి అచ్చిరాలేదంటావా అక్కా?"

"చెయ్యి కాదే. చోటు. మూత మీద పెట్టాల్సింది, లోపల దిమ్మ మీద పెట్టావు."

"నాకేం తెలుసు? పైకి అదే కనపడింది. అంద్రెయన్న ఉన్నాడుగా, చెప్పొచ్చుగా!"

"అతను కళ్ళు మూసుకున్నాడు. తెలిసిన దాన్ని నేను తలుపు చాటుకు పోయాను." రత్తమ్మ గుడ్డను మడత పెట్టింది. "పొమ్మని నువ్వన్నావా? లేదు. నేనే పోయాను. ఆయన పని కన్నా నాకది పెద్దదైపోయింది విజయా."

విజయ పక్కన కూలబడింది. "మాస్టారికి నా పేరు చెప్తావా?" అంది.

"జరిగింది చెప్తాను. మా ఇంట్లో జరిగిందని చెప్తాను. నీ పేరు ఆయనకెందుకు?"

రత్తమ్మ దారులన్నీ మూడుసార్లు కడిగి, గుడ్డ తగలనీయకుండా గాలికి ఆరబెట్టింది. వాల్వులన్నీ వేలితో తోస్తే చాలు జారుతున్నాయి. ఈసారి విజయ పళ్ళెంతో తెనాలి దాకా వచ్చింది. మాస్టారి ఇంటి ముందు కారు కింద దూరిన అంద్రెయ దిమ్మ బిగించి, మూత అందుకోబోయాడు. విజయ రత్తమ్మ వైపు చూసింది. రత్తమ్మ కదల్లేదు. చీర చెంగు నడుముకు దోపుకుని, మూత అడుగు భాగం చూపించి, "ఇక్కడ పెట్టు, బయట" అంది. విజయ పెట్టింది. లోపలి వైపు రత్తమ్మే తుడిచి, తన చేత్తో అందించింది.

తమ ఇంట్లోనే కుంకుమ లోపల పడిందని రత్తమ్మ రాగానే చెప్పింది. మాస్టారు అరుగు మీద నిలబడి అంతా చూశారు.  కారెక్కి, "అందరూ ఎక్కండి" అన్నారు.

కారు మొదటి గేరులో మెల్లగా ఊరు దాటింది. ఇంజను గీపెట్టడం మొదలైంది. ముందు సీటులో రత్తమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. అంతలో కింద ఏదో మెత్తగా సర్దుకున్నట్టయి, ఇంజను గొంతు తగ్గింది. కారు ముందుకు సాగింది.

"పడింది!" అని వెనక సీటులోంచి అంద్రెయ అరిచాడు. "సార్, పడిందండీ!"

"విన్నానయ్యా, చెవులున్నాయి నాకు." మాస్టారు స్టీరింగు మీద అరచేత్తో తట్టారు. "బాపట్ల ఆయనకు ఇవ్వనని చెప్పేస్తానమ్మా. మస్తానయ్య చేసిన బండి అని చెప్తాను. ఆ రోజు ఆ మాట అని ఉండకూడదు నేను."

"వదిన పేరు కూడా కలపండి సార్, పదకొండు రోజులు..."

"ఊరుకో అంద్రెయా" అంది రత్తమ్మ.

రెండు వైపులా వరిచేలు. ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కన్నీళ్ళు తుడుచుకోకుండా ఇంజను చప్పుడే వింటోంది. అది మళ్ళీ కొంచెం కొంచెంగా పెరుగుతోంది.

"కాలు కాస్త తేలిక చెయ్యండి మాస్టారూ" అంది. "ఇంకో గేరు ఉంది."